ఇంటికీ పనికీ మధ్య నగరం



1895లో ఫ్రాన్స్ దేశంలోని లియాన్ నగరంలో లూమియేర్ సోదరులు తమ సొంత ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా కెమెరా పెట్టారు. ఫోటోలు తీసే ప్లేట్లు తయారయ్యే ఫ్యాక్టరీ అది. గేటు తెరుచుకుంది. పని ముగించుకున్న కార్మికులు బిలబిలమంటూ బయటికి వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మధ్యలో ఒక సైకిలు, ఒక కుక్క. నిమిషం కూడా నడవని ఆ బొమ్మను అదే ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి చూపించారు. సినిమా పుట్టినరోజు అని చాలామంది చెప్పుకునేది ఆ రోజునే. ఆ సోదరుల సినిమాలు మరుసటి ఏడాది జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలుకు కూడా వచ్చాయి.

ఆ బొమ్మ ఎప్పుడు చూసినా నాకొక సందేహం కలుగుతుంది. వాళ్ళంతా ఎటు వెళ్ళారు? కొందరు కుడికి తిరిగారు, కొందరు ఎడమకు తిరిగారు. కెమెరా మాత్రం గేటు దగ్గరే నిలబడిపోయింది. వాళ్ళ ఇళ్ళు ఎంత దూరం? నడిచి వెళ్ళారా, బండి ఎక్కారా? ఇంటికి చేరేసరికి పొయ్యి వెలిగించేది ఎవరు? ఆ తరువాత నగరాన్ని చూపించిన సినిమాలు వేలకొద్దీ వచ్చాయి. వాటిలో నాకు గొప్పవిగా తోచినవన్నీ ఆ కెమెరా చెయ్యని పని చేశాయి. మనిషి వెంట ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ నడిచాయి. నగరం గట్టిగా పట్టుబడేది ఆ దారిలోనే అని నా నమ్మకం. ఈ కాసేపు ఆ దారి గురించే మాట్లాడతాను.

మూకీల కాలంలోనే ఒక జర్మన్ దర్శకుడు ఆ దారిని నిలువునా గీశాడు. ఆయన ఫ్రిట్జ్ లాంగ్, సినిమా 1927లో వచ్చిన 'మెట్రోపోలిస్'. 1924లో ఓడ మీద న్యూయార్క్ చేరినప్పుడు రాత్రి దీపాల వెలుగులో కనిపించిన ఆకాశహర్మ్యాలు తన మనసులో ఈ సినిమాకు బీజం వేశాయని లాంగ్ చెప్పుకునేవాడు. తెర మీద ఆ మేడలు ఇప్పటికీ అబ్బురపరుస్తాయి. అవి నమూనాలుగా కట్టినవి. యూజెన్ షుఫ్టాన్ అనే ఛాయాగ్రాహకుడు కెమెరా ముందు ఏటవాలుగా అద్దం పెట్టి, అందులో కొంతభాగం వెండిపూత గీకేశాడు. అద్దంలో నమూనా మేడ కనిపిస్తుంది, గీకిన చోటు గుండా వెనకనున్న నటులు కనిపిస్తారు. రెండూ కలిసి ఒకే నగరం అవుతాయి. అయితే ఆ సినిమాలో నా కళ్ళకు కట్టినట్టు ఉండేది మేడలు కావు, షిఫ్టు మారే దృశ్యం. తలలు వంచుకుని, ఒకే అడుగు వేస్తూ, ఒక వరుస లిఫ్టులోకి వెళుతుంది, ఇంకో వరుస బయటికి వస్తుంది. ఆ లిఫ్టు కిందికి దిగుతుంది. కార్మికుల ఇళ్ళు భూమి లోపల ఉంటాయి. పైన యజమానుల పిల్లలకు తోటలు, ఆటస్థలాలు. ఇంటికి వెళ్ళడమంటే పాతాళానికి దిగడం. ఈ ఒక్క ఊహ ఎంతకాలం నిలిచిందో చివరిలో సియోల్ దాకా వెళ్ళినప్పుడు చూద్దాం.

ఇప్పుడు రోమ్ నగరానికి వెళదాం. అక్కడ కాస్త ఎక్కువసేపు ఉండాలి.

1948. రెండో ప్రపంచయుద్ధం ముగిసి మూడేళ్ళయింది. విత్తోరియో డి సికా తీసిన 'సైకిల్ దొంగలు' సినిమా మొదట్లోనే ఉద్యోగం కోసం మూగిన మనుషుల గుంపు కనిపిస్తుంది. ఆంతోనియో రిచ్చి అనే అతని పేరు పిలుస్తారు. గోడలకు పోస్టర్లు అంటించే పని. ఒక షరతు ఉంది. సొంత సైకిలు ఉండాలి. అతని సైకిలు తాకట్టులో ఉంది. అతను ఉండేది వాల్ మెలైనా అనే చోట, ఊరి చివర కట్టిన కొత్త ఇళ్ళ సముదాయంలో. ఇళ్ళయితే కట్టారు గానీ కుళాయి ఇంట్లో లేదు. అతని భార్య మరియా రెండు బకెట్లతో నీళ్ళు మోసుకొస్తూ మొదటిసారి మనకు కనిపిస్తుంది. ఆమె మంచం మీది దుప్పట్లు లాగేస్తుంది. అవి పెళ్ళికి వచ్చిన దుప్పట్లు. వాటిని తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తారు. అక్కడ డి సికా ఒక షాట్ పెట్టాడు. తాకట్టు కొట్టు గుమాస్తా ఆ దుప్పట్ల మూట పట్టుకుని నిచ్చెనలాంటి అరలు ఎక్కుతాడు. ఎక్కుతూనే ఉంటాడు. పైకప్పు దాకా అన్నీ దుప్పట్ల మూటలే. ఆ నగరంలో ఎన్ని వేల ఇళ్ళు పక్కబట్టలు లేకుండా నిద్రపోతున్నాయో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది.

పనిలో చేరిన మొదటిరోజే సైకిలు పోతుంది. అతను రీటా హేవర్త్ పోస్టరు గోడకు అంటిస్తున్నాడు. హాలీవుడ్ తార ముఖం మీద ముడత పడకుండా చేత్తో నిమురుతున్నప్పుడు వెనక నుంచి ఒకడు సైకిలెక్కి వెళ్ళిపోతాడు. అక్కడి నుంచి ఆంతోనియో, అతని చిన్న కొడుకు రోమ్ అంతా కాలినడకన తిరుగుతారు. విత్తోరియో సంతలో సైకిలు విడిభాగాలు కుప్పలుగా పోసి ఉంటాయి. తమది ఏ కుప్పలో ఎన్ని ముక్కలై ఉందో తెలియదు. పోర్తా పోర్తేసె సంతకు వెళతారు, వాన పడుతుంది. చర్చిలోకి వెళతారు, జోస్యం చెప్పే ఆవిడ ఇంటికి వెళతారు. గమనించండి, రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉన్న ఊరు అది. కొలోసియం దగ్గర ఆగి దాని గొప్పతనం చూపాలన్న ఆలోచనే ఈ సినిమాకు లేదు. సైకిలు పోయినవాడికి కొలోసియం కనిపించదు. దర్శకుడు అతని కళ్ళతోనే చూశాడు.

ఆంతోనియోగా నటించిన లాంబెర్తో మజ్జొరాని నిజజీవితంలో ఫ్యాక్టరీ కార్మికుడు. హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ ఆ పాత్రకు కేరీ గ్రాంట్‌ను పెట్టుకుంటే డబ్బు పెడతానన్నాడని, డి సికా ఒప్పుకోలేదని ప్రసిద్ధమైన సంగతి. ఒప్పుకుని ఉంటే మనకు ఆ నడక దక్కేది కాదు. అలసిపోయిన కార్మికుడి భుజాలు ఎలా వంగుతాయో మజ్జొరానికి ఎవరూ నేర్పనక్కర లేకపోయింది.

ఐదేళ్ళ తరువాత, 1953లో, అదే రోమ్‌లో విలియం వైలర్ తీసిన 'రోమన్ హాలిడే' వచ్చింది. రాజకుమారి ఒక్కరోజు స్వేచ్ఛ కోసం తన దేశపు రాయబార కార్యాలయం నుంచి తప్పించుకుంటుంది. ఆడ్రే హెప్‌బర్న్, గ్రెగరీ పెక్ వెస్పా స్కూటరు మీద ఊరంతా తిరుగుతారు. మెట్ల మీద ఐస్‌క్రీం తింటుంది, రాతి ముఖం నోట్లో చెయ్యి పెట్టి భయపడతారు. ఆ సినిమా నాకు ఇష్టమే. హెప్‌బర్న్ ముఖం చూస్తే ఎవరికి ఇష్టం కాదు? కానీ ఆ రెండు సినిమాలూ ఒకే ఊరివని నమ్మడం కష్టం. ఒకదానిలో సైకిలు పోతే సంసారం వీధిన పడుతుంది. ఇంకోదానిలో స్కూటరు సంతలో దుకాణాల మీదికి దూసుకుపోతే నవ్వొస్తుంది. సెలవుకు వచ్చినవాళ్ళ నగరం వేరు, జీతానికి బతికేవాళ్ళ నగరం వేరు. ప్రపంచంలో పెద్ద నగరాలన్నింటికీ సినిమాలో ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. మొదటిదాన్ని చూసి జనం విమానం టికెట్లు కొంటారు. రెండోదాన్ని చూసి ఒక యువకుడు మన దేశంలో సినిమా తీయాలని నిర్ణయించుకున్నాడు.

ఆ యువకుడు సత్యజిత్ రాయ్. 1950లో ప్రకటనల కంపెనీ ఉద్యోగం మీద లండన్ వెళ్ళి అక్కడ 'సైకిల్ దొంగలు' చూశాడు. 1952లో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు బిమల్ రాయ్ కూడా అదే సినిమా చూశాడు. మరుసటి ఏడాదే 'దో బీఘా జమీన్' వచ్చింది. అప్పు తీర్చి రెండు బిఘాల నేల నిలుపుకోవడానికి కలకత్తా వచ్చి రిక్షా లాగే రైతు కథ అది. ఆ పాత్ర కోసం బల్‌రాజ్ సాహ్ని కలకత్తా వీధుల్లో రిక్షా లాగడం నేర్చుకున్నాడు. ఇంకా వేగంగా, ఇంకా వేగంగా అని సవారీ ఎక్కినవాడు డబ్బు ఆశ చూపిస్తుంటే అతను గుర్రంతో సమానంగా పరుగెత్తే దృశ్యం చూడండి. పల్లె నుంచి వచ్చినవాణ్ణి నగరం ఏ ధరకు కొంటుందో అక్కడ తెలుస్తుంది.

సత్యజిత్ రాయ్ సినిమాల్లో చాలామంది 'పథేర్ పాంచాలి' దగ్గర ఆగిపోతారు. ఇవాళ మన విషయానికి 1963లో వచ్చిన 'మహానగర్' ముఖ్యం. నరేంద్రనాథ్ మిత్ర కథ ఆధారంగా తీశాడు. సినిమా పేర్లు పడేటప్పుడు తెర మీద ట్రాము కప్పు మీది కడ్డీ ఒక్కటే ఉంటుంది. కరెంటు తీగ మీద జారుతూ, తీగలు కలిసేచోట నిప్పురవ్వలు చిమ్ముతూ పోతుంది. ఊరు కనిపించదు, మనుషులు కనిపించరు. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారి మాత్రం ఉంది. ఆ ట్రాములో వస్తున్నవాడు సుబ్రతో, బ్యాంకు గుమాస్తా. ఇరుకింట్లో భార్య, కొడుకు, చెల్లెలు, రిటైరైన బడిపంతులు తండ్రి, తల్లి. ఒక్క జీతంతో గడవదు. భార్య ఆరతి ఉద్యోగంలో చేరుతుంది. ఇంటింటికీ తిరిగి అల్లిక యంత్రాలు అమ్మే పని.

ఆరతిగా మాధబీ ముఖర్జీ నటించింది. ఆమె ముఖంలో కలకత్తా ఎలా మారుతుందో చూడాలి. మొదటిరోజు భయంభయంగా ధనికుల ఇంటి తలుపు తడుతుంది. తరువాత ఒక తోటి ఉద్యోగిని, ఆంగ్లో ఇండియన్ అమ్మాయి ఎడిత్, ఆమెకు లిప్‌స్టిక్ వేస్తుంది. చేతికి మొదటి జీతం వచ్చినప్పుడు ఆమె ఆఫీసులో అద్దం ముందు నిలబడి కొత్త నోట్లను చూసుకుంటుంది. నగరం ఆమెకు డబ్బుతో పాటు ఒక కొత్త ముఖం ఇచ్చింది. ఆ ముఖం ఇంట్లోవాళ్ళకు నచ్చలేదు. మామగారు మాట్లాడటం మానేస్తాడు. ఆయనకు కోడలి సంపాదన అవమానం. అందుకే ఒకప్పుడు తన దగ్గర చదువుకుని ఇప్పుడు బాగా బతుకుతున్న శిష్యుల దగ్గరకు వెళ్ళి సాయం అడుగుతాడు. ఒకే నగరం, రెండు దారులు. కోడలు పని చేసి అడుగుతుంది, మామగారు పాత మర్యాద చూపి అడుగుతాడు. అరవై ఏళ్ళ కిందటి ఈ సినిమాలో ఆయన బాధను కూడా రాయ్ తక్కువ చెయ్యలేదు. అందుకే నాకు ఆ సినిమా మీద అంత గౌరవం.

ఇంతలో భర్త బ్యాంకు మూతపడుతుంది. ఇప్పుడు ఇల్లు నిలిచేది ఆరతి జీతం మీదే. సరిగ్గా అప్పుడు యజమాని ఎడిత్‌ను అన్యాయంగా తీసేస్తాడు. ఆరతి నిలదీసి రాజీనామా కాగితం చేతికిచ్చి బయటికి వస్తుంది. భార్యాభర్తలిద్దరూ నిరుద్యోగులు. ఇంత పెద్ద ఊళ్ళో ఇద్దరిలో ఒక్కరికైనా పని దొరకదా అన్న ధైర్యంతో సాయంత్రపు జనంలో కలిసిపోతారు. కెమెరా పైకి లేచి వీధిదీపాన్ని చూపిస్తుంది. ఆ స్తంభానికి రెండు బల్బులు, ఒకటే వెలుగుతోంది. ఈ సినిమాకు రాయ్ 1964లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడిగా వెండి ఎలుగుబంటి బహుమతి అందుకున్నాడు. 'మహానగర్' వచ్చిన పదహారేళ్ళకు, 1979లో, మృణాల్ సేన్ 'ఏక్ దిన్ ప్రతిదిన్'లో అదే నగరం నుంచి ఇంకో ప్రశ్న వేశాడు. ఇంటిని పోషించే కూతురు ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి రాలేదు. తెల్లవారేలోగా ఆ ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు ఆమె గురించి ఏమేం అనుకున్నారో, అదే సినిమా.

టోక్యోకు ఒక్కసారి వెళ్ళొద్దాం. 1953లో యసుజిరో ఓజు తీసిన 'టోక్యో కథ'లో ముసలి తల్లిదండ్రులు ఒనోమిచి అనే దూరపు ఊరి నుంచి పిల్లలను చూడటానికి వస్తారు. పెద్దకొడుకు డాక్టరు. మంచి పేటలో ఉంటాడనుకున్నారు. వచ్చి చూస్తే ఊరి అంచున చిన్న క్లినిక్కు. ఆదివారం ఊరు చూపిద్దామని బయలుదేరబోతుంటే ఒక రోగి ఇంటి నుంచి కబురు వస్తుంది, ప్రయాణం ఆగిపోతుంది. చివరకు ఊరు చూపించింది యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో. అదీ ఆఫీసుకు సెలవు పెట్టి, టూరు బస్సులో. పిల్లలు చెడ్డవాళ్ళని ఓజు ఎక్కడా అనడు. వాళ్ళకు తీరిక లేదు. ఒకచోట ముసలివాళ్ళిద్దరూ ఉయెనోలో కూర్చుని ఎదురుగా పరుచుకున్న ఊరిని చూస్తారు. ఇందులో తప్పిపోతే ఇక జన్మలో కలుసుకోలేమేమో అంటుంది తల్లి. అమెరికాలోనో, హైదరాబాదులోనో పిల్లల ఫ్లాట్లలో నెల రోజులుండి వచ్చిన మన పెద్దవాళ్ళు ఈ సినిమా చూస్తే ఆ మాట అర్థం కావడానికి సబ్‌టైటిల్ అక్కర్లేదు.

దగ్గరి కాలానికి వస్తే, ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీ 2003లో 'క్రిమ్సన్ గోల్డ్' తీశాడు. కథనం అబ్బాస్ కియరొస్తమీది. టెహ్రాన్ నగరం ఎల్బుర్జ్ కొండల వాలు మీద ఉంటుంది. ఉత్తరాన, ఎత్తు మీద, ధనికులు. దక్షిణాన, దిగువన, పేదలు. హుస్సేన్ అనే భారీకాయుడు మోటారు సైకిలు మీద ఈ రెంటి మధ్య పిజ్జాలు చేరవేస్తుంటాడు. ఆ వేషం వేసినతను నిజంగానే పిజ్జాలు అందించే మనిషి. ఒక రాత్రి పిజ్జా తీసుకుని ఒక మేడ దగ్గరకు వెళతాడు. పైన పార్టీ జరుగుతోంది. వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను అరెస్టు చేయడానికి పోలీసులు కింద కాచుకుని ఉన్నారు. అతన్ని పైకి పోనివ్వరు, వెనక్కి వెళ్ళనివ్వరు. ఎలాగూ చల్లారిపోతున్నాయని అతను ఆ పిజ్జాలను కాపలా సైనికులకూ పట్టుబడినవాళ్ళకూ పంచిపెడతాడు. ఆ దృశ్యంలో ఆ దేశం మొత్తం ఒకేచోట చేరి తింటున్నట్టుంటుంది. ఇవాళ మన ఊళ్ళలో వర్షంలో తడుస్తూ మన గుమ్మం దాకా భోజనం తెచ్చే కుర్రాళ్ళ మీద ఇంత లోతైన సినిమా ఇరవై ఏళ్ళ ముందే టెహ్రాన్‌లో వచ్చింది. ఇరాన్‌లో ఆ సినిమాను ఆడనివ్వలేదు.

ఇక సియోల్. 2019లో వచ్చిన బాంగ్ జూన్ హో 'పారసైట్' మీలో చాలామంది చూసే ఉంటారు. సగం భూమిలో, సగం పైన ఉన్న ఇంట్లో బతికే కుటుంబం కొండమీది బంగళాలో ఒక్కొక్కరుగా పనికి కుదురుతుంది. తన డ్రైవరు దగ్గర ఒక వాసన వస్తోందని యజమాని భార్యతో అంటాడు. మెట్రో రైళ్ళలో తిరిగేవాళ్ళ వాసన అంటాడు. పనికి పోయే దారి కూడా మనిషి ఒంటికి అంటుకుంటుంది, అది దాచుకోలేనిది. తరువాత కుండపోత వానలో ఆ తండ్రీ పిల్లలూ బంగళా నుంచి ఇంటికి పరుగెత్తుతారు. మెట్లు దిగుతారు, సొరంగం దాటుతారు, మళ్ళీ మెట్లు దిగుతారు. వాళ్ళతో పాటు నీళ్ళు కూడా కిందికే దిగుతున్నాయి. చేరేసరికి ఇల్లు మునిగిపోయింది. లాంగ్ 1927లో ఊహించిన పాతాళపు ఇళ్ళు ఇక్కడ ఊహ కావు. 2022 ఆగస్టులో సియోల్‌లో వరదలు వచ్చినప్పుడు అలాంటి సెల్లారు ఇంట్లోనే ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు నీళ్ళలో చిక్కుకుని చనిపోయారు. ఆ తరువాతే అలాంటి ఇళ్ళను క్రమంగా తీసేస్తామని నగరపాలకులు ప్రకటించారు.

నగరంలో అందం చూపకూడదని నా వాదన కాదు. హాంకాంగ్ మీద వాంగ్ కార్ వై 1994లో తీసిన 'చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్' నియాన్ దీపాల మెరుపులో ఒంటరి ప్రేమల కథ. అందులోనూ ప్రేమ పుట్టేది తిండి బండి లాంటి చిన్న కొట్టు కౌంటరు దగ్గర. అమ్మాయి తొంగిచూసే ఫ్లాటు పక్కనే, అంతకు ముందు ఏడాదే తెరిచిన పెద్ద ఎస్కలేటరు ఉంది. కొండమీది ఇళ్ళ నుంచి ఆఫీసులకు జనం దిగే దారి అది. ప్రేమకథ అయినా ఆ ఊరి రోజువారీ రాకపోకల్లోనే నడిచింది.

మరి మన తెలుగు సినిమా? మనకు పట్నం చాలాకాలం పల్లెకు ఎదురు నిలిచే చెడ్డమాటగానే తెర మీదికి వచ్చింది. తరువాత పాటల కోసం రోమ్, పారిస్ వెళ్ళాం. నాయకా నాయికలు ఫౌంటెన్ల ముందు గంతులు వేశారు, వెనకనున్న ఊళ్ళో ఎవరు బతుకుతున్నారో మనకు పట్టలేదు. అయినా మనకు మేలిమి ఉదాహరణలు లేకపోలేదు. 1981లో బాలచందర్ 'ఆకలి రాజ్యం' ఢిల్లీ వీధుల్లో ఉద్యోగం కోసం తిరిగే తెలుగు యువకుడిని చూపించింది. 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీశాడు. చిరునామానే సినిమా పేరుగా పెట్టాడు. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులనే తెచ్చి వేషాలు వేయించాడు. బీచి, కొండ, ఓడలు చూపించి విశాఖ అనిపించుకునే అలవాటు పక్కనపెట్టి, ఒక పేటలో నాలుగు వయసుల ప్రేమ చూపించాడు. డి సికా చూస్తే సంతోషించేవాడు.

తెలుగు దాటి చూస్తే, 2024లో దర్శకురాలు పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ గెలిచింది. ముంబయి లోకల్ రైళ్ళలో తిరిగే మలయాళీ నర్సులు, కాగితాలు లేనందున ఉంటున్న ఇల్లు బిల్డర్ల పాలవుతున్న ఒక వంటమనిషి, ఇదే కథ. ముప్పై ఏళ్ళ తరువాత కాన్ ప్రధాన పోటీకి వెళ్ళిన మన దేశపు సినిమా ఇది.

హైదరాబాదుకు అలాంటి సినిమాలు ఇంకా చాలా కావాలి. తెల్లవారుజామున అడ్డా మీద పని కోసం నిలబడే పాలమూరు కూలీలు ఉన్నారు. రాత్రి షిఫ్టు ముగించి క్యాబుల్లో నిద్రపోతూ ఇంటికి చేరే పిల్లలున్నారు. సినిమావాళ్ళకు అన్నిటికన్నా దగ్గరగా కృష్ణానగర్ ఉంది, తెర వెనక పనిచేసే వేలమంది అద్దె గదుల్లో ఉండే చోటు. షూటింగుకు పోయే దారి వాళ్ళకంటే ఎవరికి బాగా తెలుసు? ఈ మాటలు వింటున్నవాళ్ళలో కథలు రాసేవాళ్ళు, కెమెరా పట్టాలనుకునేవాళ్ళు ఉంటే వాళ్ళకు నా మనవి ఒకటే. డ్రోను ఎగరేసి కేబుల్ బ్రిడ్జి తీసే ముందు, మీ కథలో మనిషి ఎక్కడ ఉంటాడో, అద్దె ఎంతో, ఏ బస్సెక్కి పనికి వెళతాడో కాగితం మీద రాసుకోండి. ఆ తరువాతే కెమెరా తీయండి. శ్రోతలు ఈ నెలలో వీలు చూసుకుని 'మహానగర్' చూడండి. ఇంట్లో ఉద్యోగం చేసే ఆడపిల్ల ఉంటే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.